తొమ్మిదేళ్లు తలకిందులుగా: శీర్షాసనం, చేతుల మీద నిలబడటం – నా అనుభవం

2016 ఎండాకాలం సెలవుల్లో, హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున పూట కొందరం కలిసి యోగా చేసేవాళ్లం. శీర్షాసనం అక్కడే నేర్చుకున్నాను. అప్పటికి నాకు 38 ఏళ్లు. సర్కారు బడిలో టీచర్‌ని, రోజుకు ఐదారు పీరియడ్లు నిలబడే పని. సాయంత్రానికి పిక్కలు బరువెక్కేవి, చెప్పుల పట్టీల అచ్చులు పాదాల మీద లోతుగా పడేవి. రెండు నిమిషాలు తలకిందులుగా ఉండి దిగితే కాళ్లు దూదిలా తేలికయ్యేవి. ఈ ఆసనాన్ని వదలకపోవడానికి మొదటి కారణం అదే. తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆ లాభం నిజమేనని చెప్తాను, కాకపోతే అది ఆ పూటకే. మర్నాడు నిలబడితే మళ్లీ మామూలే.

కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి ఇంట్లో ఉంటే, దాన్నే నాలుగు మడతలు వేసి తల కింద పెట్టుకునేదాన్ని. మూడు నెలల్లో ఐదు నిమిషాలు ఉండగలిగాను. చూసినవాళ్లు మెచ్చుకున్నారు, నేనూ సంబరపడ్డాను. శీర్షాసనంతో చిక్కు ఇక్కడే. అది తొందరగా వచ్చేస్తుంది. భుజాలు చెవుల మీదికి జారినా, మెడ కుంగినా మనిషి పడిపోడు. నొప్పి కూడా ఉండదు. అంతా సరిగ్గానే ఉందనుకుంటాం.

2019లో ఒకరోజు స్కూటీ నడుపుతుంటే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు జివ్వుమన్నాయి. వారం తిరక్కముందే బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీస్ పట్టు తప్పింది. స్కానింగ్‌లో మెడ ఐదో పూసకూ ఆరో పూసకూ మధ్య డిస్క్ ఉబ్బి నరాన్ని ఒత్తుతోందని తేలింది. డాక్టర్ ఉన్నదున్నట్టు చెప్పారు: "దీనికి శీర్షాసనమే కారణమని నేననను. వంగి పేపర్లు దిద్దేవాళ్లకూ వస్తది. కానీ ఇక ఆ మెడ మీద బరువు పెట్టకండమ్మా."

మెడలోని ఏడు పూసలు రోజంతా మోసేది తలను, అంటే దాదాపు ఐదు కిలోలు. "బరువంతా ముంజేతుల మీదే ఉండాలి, తల ఊరికే ఆనాలి" అని మాకు నేర్పేటప్పుడు చెప్పారు. నేనూ అలాగే చేస్తున్నాననుకున్నాను. కానీ బాగా అలవాటున్నవాళ్లలో కూడా ఒంటి బరువులో 40 శాతానికి పైగానే తల మీద పడుతున్నట్టు కొలిచి చూసిన పరిశీలన ఉంది. నా బరువు 62 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం సంచిని రోజూ ఐదు నిమిషాలు నడినెత్తి మీద నిలబెట్టాను. కాళ్లు ఎగరేసి పైకి వెళ్లే అలవాటుంటే ఆ బరువు కుదుపుతో పడుతుంది.

కళ్ల సంగతి వదిన వల్ల తెలిసింది. నన్ను చూసి తనూ నేర్చుకుంటానంది. వాళ్ల నాన్నకు నీటికాసులు (గ్లకోమా, కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉండేవి కాబట్టి ముందు కంటి డాక్టర్‌కు చూపించుకోమన్నాను. పరీక్షించిన డాక్టర్ ఆమెకూ ఆ జబ్బు ఉందేమోనని అనుమానంగా ఉందని చెప్పి, తలకిందులు ఆసనాలు ఏవీ వద్దన్నారు. 2006లో అచ్చయిన చెన్నై పరిశీలనలో 75 మంది సాధకులను పరీక్షిస్తే, శీర్షాసనంలో ఉన్నంతసేపు కంటి లోపలి ఒత్తిడి ఇంచుమించు రెట్టింపైంది. దిగాక తగ్గిపోయింది, ఆరోగ్యమైన కళ్లున్న వాళ్లకు కొత్తగా జబ్బేమీ కనిపించలేదు. అప్పటికే నరం దెబ్బతింటున్న కంటికి మాత్రం ఆ కొద్ది నిమిషాలూ ప్రమాదమే. నీటికాసులు మొదట్లో నొప్పి పుట్టించవు, చూపూ తగ్గినట్టనిపించదు. అందుకే 40 దాటినవాళ్లు కంటి పరీక్ష చేయించుకోకుండా ఈ జోలికి రావద్దని బతిమాలి చెప్తున్నాను. బీపీ అదుపులో లేనివాళ్లు, రెటీనా సమస్య ఉన్నవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, మెడనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా వద్దు.

జుట్టు పెరుగుతుందని, మెదడుకు రక్తం బాగా అంది జ్ఞాపకశక్తి పెరుగుతుందని చాలామంది చెప్తారు. నా జుట్టు నా వయసుకు తగ్గట్టే రాలింది. మెదడు తనకు కావాల్సిన రక్తాన్ని తనే సర్దుకుంటుంది, మనం తలకిందులైనంత మాత్రాన ఎక్కువ తీసుకోదు.

ఆర్నెల్ల ఫిజియోథెరపీ తర్వాత తిమ్మిరి పోయింది. డాక్టర్‌ను అడిగే గోడ ఆసరాతో చేతుల మీద నిలబడటం మొదలుపెట్టాను. తల నేలకు తగలదు కాబట్టి మెడ మీద బరువుండదు. ఇది కష్టం. మొదటి నెలంతా పది సెకన్లు దాటలేదు. కానీ ఇందులో తప్పు చేస్తే అప్పుడే తెలిసిపోతుంది: మోచెయ్యి వంగుతుంది, కాలు జారుతుంది, దిగిపోతాం. చేతగానప్పుడు శరీరమే ఆపేస్తుంది. శీర్షాసనంలో నాకు ఆ హెచ్చరిక అందలేదు.

ఇందులో దెబ్బ మణికట్టుకు. ఒంటి బరువంతా తొంభై డిగ్రీలు వంగిన మణికట్టు మీద పడుతుంది. అరచేతి మడమ మీద కూర్చుండిపోకుండా వేళ్లు విప్పి, నేలను గోళ్లతో గీరుతున్నట్టు కొసలతో పట్టుకోవాలి. పాదాలు ముందుకు తూలబోయినప్పుడు ఆపేవి ఆ వేళ్లే. టైల్స్ మీద చెమట చెయ్యి జారి ఒకసారి భుజం కొట్టుకుంది. అప్పటినుంచి మే నెలలో డాబా మీదా చేయను, వట్టి టైల్స్ మీదా చేయను. పడేటప్పుడు పక్కకు తిరిగి కాళ్ల మీద దిగడం ముందే నేర్చుకోవాలి. భుజాలు గట్టిపడటం, పైఅరలోంచి డబ్బాలు అలవోకగా దించగలగడం రెండేళ్లలో నాకొచ్చిన లాభాలు. ఇంకొకటి, అలా నిలబడ్డ అర నిమిషంలో బడి టెన్షన్ ఏదీ తలలోకి రాదు.

ఇంటర్ చదివే చెల్లెలి కూతురు ఇప్పుడు మా ఇంట్లో ఉంటోంది. పొట్ట గోడవైపు ఉండేలా, కాళ్లతో గోడ ఎక్కి నిలబడటం నేర్పుతున్నాను. 20 సెకన్లు దాటనివ్వను. దిగాక నుదురు నేలకు ఆనించి కాసేపు ఉంటేనే లేవనిస్తాను, లేకపోతే కళ్లు తిరుగుతాయి. "పెద్దమ్మా, శీర్షాసనం ఎప్పుడు నేర్పుతవ్?" అని రెండుసార్లు అడిగింది. నేర్పనని చెప్పాను. ఎందుకో అడిగితే స్కానింగ్ ఫిల్మ్ తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూపించాను.