వేలితో గీసే తెరకు ఏది మేలు: నేరుగా ఆన్‌డ్రా, సొంత బిట్‌మ్యాప్, లేక సర్ఫేస్‌వ్యూ?

ఆండ్రాయిడ్‌లో సంతకం పెట్టించుకునే పెట్టె గానీ, పిల్లలు బొమ్మలు వేసుకునే యాప్ గానీ రాయబోతే వెంటనే వినిపించే సలహా, "డబుల్ బఫర్ పెట్టు, తెర మిణుకుమనదు" అని. బఫర్ అంటే తెరకు పంపే బొమ్మ తయారయ్యే మెమరీ. మామూలు వ్యూ (తెర మీద తన చోటును తానే గీసుకునే భాగం) విషయంలో ఆ కారణం చెల్లదు. విండోకి బఫర్లు సిస్టమే ఇస్తుంది. ఒకటి తెర మీద ఉండగా తర్వాతి ఫ్రేమ్ ఇంకోదాంట్లో తయారవుతుంది. 2012లో వచ్చిన జెల్లీ బీన్ నుంచి అవసరమైతే మూడోది కూడా ఉంటుంది. సగం గీసిన ఫ్రేమ్ బయటికి రాదు. సొంత బిట్‌మ్యాప్ (పిక్సెళ్లుగా మెమరీలో ఉండే బొమ్మ) అవసరం వేరే పనికి: గీసేసిన గీతల్ని మళ్లీ మళ్లీ గీయకుండా ఉండటానికి.

సంతకానికైతే అదీ అక్కర్లేదు. గీతల్ని పాత్‌ల (గీత దారిని దాచే వస్తువుల) జాబితాగా దాచి, ఆన్‌డ్రాలో (వ్యూ తనను గీసుకోవడానికి సిస్టమ్ పిలిచే ఫంక్షన్‌లో) వరసగా గీసేస్తే చాలు. అదనపు మెమరీ పట్టదు. అన్‌డూ అంటే జాబితాలో చివరిది తీసేయడమే. గీతలు వందల్లోకి వెళ్లాకే చిక్కు. 60 హెర్ట్జ్ తెరకు ఫ్రేమ్‌కి 16.6 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్‌కి 8.3 మాత్రమే దొరుకుతాయి. వేలు కదిలిన ప్రతిసారీ పాతవన్నీ గీయాల్సి రావడంతో గీత వేలి కంటే వెనకబడుతుంది. మారిన చోటును మాత్రమే ఇన్‌వాలిడేట్ చేద్దామన్నా (మళ్లీ గీయమని అడుగుదామన్నా) లాభం లేదు, ఏపీఐ 21 (ఆండ్రాయిడ్ 5.0) నుంచి మనం ఇచ్చే దీర్ఘచతురస్రాన్ని సిస్టమ్ పట్టించుకోదు.

రెండో దారి: ఆన్‌సైజ్‌చేంజ్డ్‌లో (వ్యూ కొలత మారినప్పుడు సిస్టమ్ పిలిచే ఫంక్షన్‌లో) వ్యూ అంత బిట్‌మ్యాప్ చేసి, దాని మీద గీయడానికి ఒక క్యాన్వాస్ తగిలించి, గీతలు అందులో గీసి, ఆన్‌డ్రాలో ఆ బిట్‌మ్యాప్‌ను చూపించడం. వెడల్పు గానీ ఎత్తు గానీ సున్నా అయితే బిట్‌మ్యాప్ తయారీ దగ్గరే యాప్ కూలిపోతుంది, ముందే చూసుకోవాలి. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 1080×2400 తెరకు దాదాపు 10 ఎంబీ పడుతుంది. ఇది భరించదగ్గదే. అసలు ఖర్చు కంటికి కనిపించదు: బిట్‌మ్యాప్‌లో గీసేది సీపీయూ, తెరకు చేర్చేది జీపీయూ. బిట్‌మ్యాప్‌లో ఒక్క చుక్క మారినా ఆ మొత్తాన్ని టెక్స్‌చర్‌గా (జీపీయూ వాడుకునే బొమ్మగా) మళ్లీ పంపాలి. వేలు కదిలినంతసేపూ బిట్‌మ్యాప్‌లో గీస్తుంటే ప్రతి ఫ్రేమ్‌కీ ఆ 10 ఎంబీ ప్రయాణం చేస్తుంది. "డబుల్ బఫర్ పెట్టాక ఇంకా నెమ్మదించింది" అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

అందుకే బొమ్మల యాప్‌కి రెండూ కలపడమే మేలు. పూర్తయిన గీతలు బిట్‌మ్యాప్‌లో ఉంటాయి, ఇప్పుడు గీస్తున్న ఒక్క గీత పాత్‌గా ఉంటుంది. ఆన్‌డ్రా ముందు బిట్‌మ్యాప్‌ను, దాని మీద ఆ పాత్‌ను గీస్తుంది. వేలు ఎత్తగానే పాత్‌ను బిట్‌మ్యాప్‌లోకి దించి, దాని నకలును అన్‌డూ జాబితాలో చేర్చి, అసలుదాన్ని రీసెట్ చేయాలి. నకలు తీయకుండా అదే పాత్‌ను జాబితాలో పెడితే రీసెట్‌తో చరిత్ర కూడా చెరిగిపోతుంది. ఈ పద్ధతిలో టెక్స్‌చర్ పంపకం గీతకు ఒక్కసారే. పలుచని రంగుల బ్రష్‌కు ఇంకో మేలు ఉంది: ముక్కలు ముక్కలుగా గీస్తే అతుకుల దగ్గర రంగు రెండు పొరలై ముదురు చుక్కలు పడతాయి, పాత్ మొత్తాన్ని ఒకేసారి గీస్తే పడవు.

రబ్బరుకు మాత్రం మినహాయింపు. క్లియర్ మోడ్‌తో (గీసిన చోట పిక్సెళ్లను చెరిపే పద్ధతితో) ఆన్‌డ్రాలో నేరుగా గీస్తే వెనకున్నదంతా చెరిగి నల్లటి చార కనిపిస్తుంది. రబ్బరు గీతను అప్పటికప్పుడు బిట్‌మ్యాప్‌లోనే గీయండి. ఆ కాసేపు పడే పంపకం ఖర్చు ఒప్పుకోవాల్సిందే.

గీత కోణాలు కోణాలుగా వస్తోందంటే తప్పు బఫర్‌ది కాదు. ఒక్కో టచ్ ఈవెంట్‌లో వెనకటి బిందువులు కొన్ని కట్టగా వస్తాయి, గెట్‌హిస్టారికల్‌ఎక్స్, వై ద్వారా వాటినీ పాత్‌లో చేర్చాలి.

ఇక సర్ఫేస్‌వ్యూ, అంటే గీయడానికి తనకంటూ వేరే బఫర్లు ఉండే వ్యూ. ఆట, ఆగకుండా కదిలే తరంగరూపం, కెమెరా ప్రివ్యూ వంటివాటికి ఇదే సరైనది, సొంత థ్రెడ్‌లో (మిగతా పనులతో పాటు సమాంతరంగా నడిచే వరసలో) గీయొచ్చు కాబట్టి. కానీ బఫర్లు మారుతున్న సంగతి ఇక్కడ మన నెత్తిన పడుతుంది. గీయడానికి పిలిచే లాక్‌క్యాన్వాస్ ఇచ్చే బఫర్‌లో పోయిన ఫ్రేమ్ బొమ్మ ఉంటుందన్న హామీ లేదు. కొత్త గీతను మాత్రమే గీసి వదిలితే అది ఒక బఫర్‌లో ఉండి ఇంకోదాంట్లో లేక మిణుకుమిణుకుమంటుంది. మొదట్లో తప్పించుకున్నామనుకున్న జబ్బు ఇదే. ప్రతిసారీ మొత్తం గీయాలి, లేదా మారిన దీర్ఘచతురస్రాన్ని లాక్‌క్యాన్వాస్‌కు ఇవ్వాలి, అప్పుడు దాని బయటి పిక్సెళ్లు నిలుస్తాయి. మామూలు లాక్‌క్యాన్వాస్ సీపీయూతో గీయిస్తుంది. జీపీయూ కావాలంటే ఏపీఐ 26 (ఆండ్రాయిడ్ 8.0) నుంచి లాక్‌హార్డ్‌వేర్‌క్యాన్వాస్ ఉంది, దాంట్లో మాత్రం ఈ దీర్ఘచతురస్రం వెసులుబాటు లేదు. సర్ఫేస్ పోయేటప్పుడు సిస్టమ్ పిలిచే సర్ఫేస్‌డిస్ట్రాయ్డ్ ముగిసేలోపు గీసే థ్రెడ్ ఆగిపోవాలి, జాయిన్ చేయడం (అది ఆగేదాకా వేచి ఉండటం) మరిస్తే యాప్ వెనక్కి వెళ్లినప్పుడల్లా క్రాష్ కాచుకుని ఉంటుంది.

ఫోన్ తిప్పినప్పుడు బొమ్మ పోకూడదనుకుంటే గీతల జాబితాను వ్యూమోడల్‌లో (తెర తిరిగినా నిలిచే వస్తువులో) ఉంచి, కొత్త బిట్‌మ్యాప్‌లో మళ్లీ గీయించండి. బిట్‌మ్యాప్‌నే సేవ్‌ఇన్‌స్టెన్స్‌స్టేట్‌లో (సిస్టమ్‌కు దాచమని ఇచ్చే మూటలో) పెడితే, ఆ మూటను సిస్టమ్‌కు చేర్చే బైండర్ 1 ఎంబీ పరిమితి దాటి యాప్ పడిపోతుంది.