పొద్దున లేవని పాత డీజిల్ కారు: నల్లగొండలో ఒక పంపు షాపు పనితీరు

నల్లగొండలో మిర్యాలగూడ రోడ్డు వైపు డీజిల్ ఇంజన్‌కు ఇంధనం నెట్టే పంపులు, దాన్ని లోపలికి చిమ్మే నాజిళ్లు బాగుచేసే చిన్న షాపు ఒకటి ఉంది. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ పొడిగించుకుని నడుపుతున్న మా టాటా ఇండికాను ఈ మధ్య అక్కడ చూపించాను. రాత్రంతా నిలిపిన బండి పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకునేది కాదు. ఎట్టకేలకు అందుకున్నాక కాసేపు వణికి, ఆ తర్వాత రోజంతా ఒక్క సెల్ఫ్‌కే లేచేది. అంతకుముందు చూపించిన వేరే వర్క్‌షాపు వారు బానెట్ ఎత్తిన వెంటనే పంపు పోయిందని, విప్పి లోపలి సీళ్ల కిట్టు వేయాల్సిందేనని తేల్చేశారు.

ఈ షాపు ఉస్తాద్ మాత్రం పానా పట్టుకోకముందే, సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ నుంచి పొగ వస్తున్నదా అని అడిగారు. తెల్ల పొగ వస్తే డీజిల్ ఇంజన్‌లోకి చేరుతున్నా మండడం లేదని, అప్పుడు స్టార్టింగ్‌కు ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులనో, లోపల గాలిని అదిమే ఒత్తిడిని, అంటే కంప్రెషన్‌నో అనుమానించాలని, పొగే లేకపోతే అసలు డీజిలే అందడం లేదని ఆయన లెక్క. మా బండికి పొగ లేదు. పైగా ఎండాకాలంలోనూ ఇదే బాధ. ఇండికాలోని 1405 సీసీ ఇంజన్ పాత తరం ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ రకం (డీజిల్‌ను ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మేది) కాబట్టి డిసెంబరు చలిలో దానికి హీటర్ ప్లగ్గులు తప్పనిసరి, కాని మన మే నెల వేడిలో అవి కొంత బలహీనపడినా బండి లేవాలి.

"పంపు జోలికి ఇప్పుడే పోవద్దు సార్, గాలి ఎక్కడ పడుతుందో ముందు చూద్దాం" అని, ఫిల్టర్‌కూ పంపుకూ మధ్యనున్న నల్ల రబ్బరు పైపు తీసి, ఆ స్థానంలో లోపల ఏముందో కనిపించే తెల్ల పైపు ముక్క బిగించారు. బండి ముందు భాగం ఎత్తు మీద ఉండేలా రాత్రికి అక్కడే నిలిపించారు. ట్యాంకు వెనుక, కింద ఉంటుంది గనుక ఎక్కడైనా గాలి చొరబడే సందు ఉంటే డీజిల్ అటు జారిపోతుంది. మర్నాడు చూస్తే ఆ పైపు సగం ఖాళీగా ఉంది, సెల్ఫ్ తిప్పగానే బుడగలు వరుసగా పంపు వైపు కదిలాయి. డీజిల్ ఎక్కించే చేతి ప్రైమర్ నొక్కి గాలి తీసేశాక బండి వెంటనే లేచింది.

సందు దొరికింది నాజిళ్లను కలుపుతూ మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపుల్లో. పైన గుడ్డ అల్లిక ఉన్న ఆ సన్నని పైపులు ఇంజన్ వేడికి పెళుసెక్కి, వేలితో వంచితే పగుళ్లు విచ్చుకున్నాయి. బయటికి డీజిల్ కారకుండా లోపలికి గాలి మాత్రమే పీల్చుకోవడం వల్ల ఇన్నాళ్లూ ఎవరి కంటికీ పడలేదు. వాటితోపాటు ఫిల్టర్ దగ్గరి రాగి వాషర్లు మార్చి, ఫిల్టర్ అడుగున చేరిన నీటిని సీసాలోకి వదిలి చూపించారు. బ్యాటరీని కూడా మీటరు పెట్టి చూశారు, అందులో లోపం లేదు. పంపు విప్పితే అయ్యే ఖర్చుతో పోలిస్తే కట్టిన సొమ్ము చాలా స్వల్పం. తెల్ల పైపును అలాగే ఉంచమని అడిగితే మాత్రం ఒప్పుకోలేదు, డీజిల్‌కూ వేడికీ అది గట్టిపడి మళ్లీ గాలి పట్టిస్తుందట.

లోపాలూ చెప్పాలి. అడిగితే తప్ప బిల్లు రాయరు, రాసినా ఏ భాగానికి ఎంతో విడివిడిగా ఉండదు. మార్చిన పైపుల మీద గ్యారంటీ నోటిమాటే. వరి కోతల కాలంలో హార్వెస్టర్లు, ట్రాక్టర్ల పంపులు బారులు తీరి ఉంటాయి, అప్పుడు కార్ల వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, రైతు పని ఆగకూడదన్న వారి వాదనను కాదనలేం గాని, ఆ సంగతి ఫోన్‌లోనే చెబితే అంత దూరం వెళ్లి తిరిగి రావలసిన అవసరం ఉండదు.

పొద్దున మాత్రమే కనిపించే ఈ జబ్బు కోసం వెళ్లేవారు బండిని ముందురోజు సాయంత్రమే అప్పగించాలి. ఇంటి దగ్గర కష్టపడి స్టార్ట్ చేసి అక్కడికి తీసుకువెళితే, అప్పటికే గాలి పోయి ఉంటుంది కాబట్టి వారికి చూడటానికి ఏమీ మిగలదు.