పిడికిలి పట్టు మీటర్: అంకెను నమ్మవచ్చు, ‘నార్మల్’ అనే మాటను కాదు

వయసు పైబడినవాళ్లలో కండ కరిగిపోవడాన్ని (సార్కోపీనియా) తొలిదశలో పసిగట్టడానికి పిడికిలి బలం కొలిచే డిజిటల్ మీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి. పేరు ఏదైనా లోపలి సరుకు చాలావరకు ఒకటే. ప్లాస్టిక్ ఒళ్లు, బలం కొలిచే సెన్సర్, పిడి దూరం సరిచేసుకునే మర, రెండు సన్న పెన్సిల్ సెల్స్, 90 కిలోల దాకా కొలత. ఫిజియోథెరపీ క్లినిక్‌కీ, వృద్ధాశ్రమానికీ, హెల్త్ క్యాంపులు పెట్టేవాళ్లకీ ఇది కొనదగ్గ వస్తువే. ఆసుపత్రుల్లో వాడే హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) మీటర్ ఇంతకంటే నమ్మకమైనదే గానీ ధర చాలా రెట్లు ఎక్కువ, బరువూ ఎక్కువే. వేళ్లలో పట్టు తగ్గినవాళ్లకు దాన్ని కొలిచేవాళ్లే కింద చేయి ఆనించి పట్టి ఉంచాలి.

ఈ డిజిటల్ మీటర్లతో అసలు చిక్కు తెర మీద కనబడే తీర్పు దగ్గర వస్తుంది. వయసు, ఆడా మగా అన్నది ముందుగా నొక్కితే, చివర్లో ‘వీక్’, ‘నార్మల్’, ‘స్ట్రాంగ్’ అని చూపిస్తుంది. ఈ తరహా మీటర్‌తో వచ్చే పట్టికలో 70 దాటిన మగవాళ్లకు 21.3 నుంచి 35.1 కిలోల దాకా నార్మలే. ఆడవాళ్లకు 14.7 నుంచి 24.5. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఖాయం చేసిన హద్దు వేరు: మగవాళ్లకు 28 కిలోల కన్నా, ఆడవాళ్లకు 18 కిలోల కన్నా తక్కువైతే బలం తగ్గినట్టే. అంటే 24 కిలోలు నొక్కిన 72 ఏళ్ల పెద్దాయనకు మీటర్ నార్మల్ అంటుంది, ఆయన నిశ్చింతగా ఇంటికెళ్లిపోతారు. పట్టిక తోటి వయసువాళ్లతో పోలుస్తుంది. ఆ వయసులో చాలామందికి బలం తగ్గే ఉంటుంది కాబట్టి, తగ్గినదే మామూలుగా కనిపిస్తుంది. అందుకే ఆ మాటను పూర్తిగా వదిలేసి, అంకె ఒక్కటే రాసుకోవాలి. 28, 18 అని మీటర్ వెనక చీటీ అంటిస్తే ఇంకా మేలు.

రెండో ప్రమాదం చిన్న బటన్. కిలోలు, పౌండ్లు మార్చే బటన్ పొరపాటున నొక్కుకుపోతే 40 అని చూపించేది నిజానికి 18 కిలోలే. ప్రతి మనిషికీ ముందు తెర మీద ‘కేజీ’ ఉందో లేదో చూడాలి.

కొలిచే తీరు ఇలా ఉండాలి. చూపుడువేలి నడిమి కణుపు లంబకోణంలో వంగేలా పిడి దూరం తిప్పాలి. ఆడవాళ్ల చిన్న చేతులకు పెద్ద పిడి అలాగే వదిలేస్తే బలం ఉన్నా అంకె పడిపోతుంది. ఉంగరాలు తీయించాలి. స్ప్రింగ్‌తో పనిచేసే మీటర్‌కు నిలబడి చేయి కిందికి చాపి, హైడ్రాలిక్ రకానికి కూర్చుని మోచేయి 90 డిగ్రీలు వంచి కొలవడం పద్ధతి. డిజిటల్‌కు దానితో వచ్చిన కాగితం ఏ భంగిమ చెబితే అదే పాటించి, ఆ భంగిమను కూడా కొలత రాసే చీటీలో రాయాలి. ఒకసారి నిలబడి, ఆర్నెల్ల తర్వాత కూర్చుని కొలిచి, రెండు అంకెలనూ పోల్చడం వృథా. చేయి తొడకు ఆనకూడదు, మీటర్‌ను ఊపకూడదు. “నొక్కండి, ఇంకా, ఇంకా” అని పైకే అనాలి. మెల్లగా చెబితే పెద్దవాళ్లు మొహమాటానికి నొక్కినట్టు నొక్కి వదిలేస్తారు. ఊపిరి బిగబట్టనివ్వకూడదు, బీపీ ఎగబాకుతుంది. కనీసం రెండుసార్లు, మధ్యలో నిమిషం విరామంతో కొలిచి, ఎక్కువ వచ్చినది తీసుకోవాలి. సగటు కాదు.

కీళ్లవాతం, మణికట్టు నరం నొక్కుకుపోవడం (షుగర్ ఉన్నవాళ్లలో తరచుగా కనిపిస్తుంది) ఉంటే నొప్పికి భయపడి నొక్కరు. ఆ అంకె కండ సంగతి చెప్పదు. కంటి ఆపరేషన్ అయిన కొత్తల్లో, చేతి ఎముక విరిగి కోలుకుంటున్నప్పుడు ఈ పరీక్ష వద్దే వద్దు.

మీటర్ సరిగ్గా ఉందా అని చూడటానికి, దాన్ని గట్టిగా బిగించి, కదిలే పిడికి పట్టీతో సీలు విప్పని 10 కిలోల బియ్యం సంచి వేలాడదీయాలి. కొన్న రోజు ఎంత చూపిందో రాసిపెట్టుకుని, రెండు నెలలకోసారి అదే సంచి బరువుతో సరిచూడాలి. తేడా ఒక కిలో దాటితే ముందు సెల్స్ మార్చాలి, అప్పటికీ దాటితే దాన్ని పక్కన పెట్టేయాలి.

ఇంట్లో ఒకరిద్దరి కోసమైతే మీటర్ కొనక్కర్లేదు. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమనాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే అదీ బలం తగ్గిందనడానికి గుర్తే. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇది సరిపోదు, వాళ్లకే మీటర్ అక్కరకొస్తుంది. ఇంకో దారి పిక్క చుట్టుకొలత. దర్జీ టేపుతో, అన్నిటికన్నా లావున్న చోట, చర్మం నొక్కకుండా కొలవాలి. మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల లోపు ఉంటే అనుమానించాలి. కాళ్ల వాపు ఉన్నవాళ్లలో, బోదకాలు చూసిన కోస్తా పల్లెల్లో ఈ కొలత దారి తప్పిస్తుంది. లావుగా ఉన్నవాళ్లలోనూ అంతే, కొవ్వు కండలా కనబడుతుంది.

అంకె హద్దు కన్నా తగ్గితే ‘సార్కోపీనియా ఉండవచ్చు’ అని మాత్రమే చీటీ మీద రాయాలి. జబ్బు ఖాయం చేయడానికి శరీరంలో కండ పాళ్లు కొలిచే పరీక్ష కావాలి: ఎక్స్‌రేతో చేసే డెక్సా స్కాన్ గానీ, సన్నటి కరెంటుతో చేసే బీఐఏ గానీ. ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా, కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తు, పప్పు, గుడ్డు, పెరుగు ఎక్కువగా తినడం డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్ విషయంలో తప్పకుండా అడగాలి. చీటీ మీద తేదీ, ఏ చేయి, ఏ భంగిమ, పిడి దూరం, రెండు ప్రయత్నాల అంకెలు ఉంటే తర్వాత కొలిచేవాళ్లు ఎవరైనా సరిగ్గా పోల్చుకోగలరు.