హ్యాడ్ అనాలా, వాజ్ హ్యావింగ్ అనాలా?

‘ఐ వాజ్ హ్యావింగ్ ఎ బైక్’. ఇంటర్వ్యూల్లో, ఆఫీసు మెయిళ్లలో మనవాళ్లు తరచూ వాడే వాక్యమిది. మన దేశపు ఇంగ్లీషులో ఈ వాడుక పాతదే, అర్థమూ అందరికీ తెలుస్తుంది. కానీ ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలో దీన్ని తప్పుగానే చూస్తారు. అక్కడ ‘ఐ హ్యాడ్ ఎ బైక్’ అనాలి.

మన మనసులో ఉన్నది ‘ఉండేది’ అనే మాట. బండి చాలాకాలం ఉంది కాబట్టి ‘ఇంగ్’ చేరిస్తేనే ఆ కాలమంతా పలుకుతుందనిపిస్తుంది. అయితే ‘అప్పట్లో నాకు బండి ఉంటోంది’ అని తెలుగులో ఎవరమైనా అంటామా? అనం. ఇంగ్లీషు పద్ధతీ అంతే. సొంత వస్తువు, చుట్టరికం, జ్వరం, తీరిక: వీటికి హ్యాడ్ చాలు. ఇప్పుడు లేదన్న సంగతి కూడా తెలియాలంటే ‘ఐ యూజ్డ్ టు హ్యావ్ ఎ బైక్’ ఇంకా మేలు. మన ‘ఉండేది’కి బాగా దగ్గరైనది అదే.

హ్యావ్‌కి తినడం, తాగడం, ఇబ్బంది పడటం లాంటి అర్థాలు వచ్చినప్పుడు మాత్రం వాజ్ హ్యావింగ్‌కి నిజమైన పని ఉంది. ‘వెన్ యు కాల్డ్, ఐ వాజ్ హ్యావింగ్ లంచ్’ అంటే ఫోన్ వచ్చేసరికి చెయ్యి కంచంలో ఉంది. ఇక్కడ ఉత్త హ్యాడ్ పెడితే, మీరు ఫోన్ చేశాక భోంచేశానన్నట్టు వినిపిస్తుంది. అప్పటికే తినేశానని చెప్పాలంటే ‘ఐ హ్యాడ్ ఆల్రెడీ హ్యాడ్ లంచ్’. రెండు హ్యాడ్‌లు పక్కపక్కన చూసి చాలామంది జంకుతారు గానీ వాక్యం శుద్ధంగా ఉంది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది కాన్పు విషయంలో. ‘షి హ్యాడ్ ఎ బేబీ’ అంటే బిడ్డ పుట్టేసింది. ‘షి వాజ్ హ్యావింగ్ ఎ బేబీ’ అంటే అప్పటికింకా పుట్టలేదు; ఆవిడ నొప్పులు పడుతూనో, నెలలు నిండుతూనో ఉంది. ‘ఆమెకి అప్పుడు చంటిబిడ్డ ఉండేది’ అనుకుంటూ ఈ రెండో వాక్యం రాస్తే అర్థమే మారిపోతుంది.

అనుకున్న పనికీ ఈ రూపం వస్తుంది. ‘వి వర్ హ్యావింగ్ గెస్ట్స్ దట్ ఈవెనింగ్’ అంటే ఆ సాయంత్రం చుట్టాలు రావాల్సి ఉందని.

సెలవు చీటీ దగ్గర నేనైతే ‘ఐ హ్యాడ్ ఎ ఫీవర్’ అనే రాయమంటాను. ఊపిరాడక అవస్థపడుతున్న సమయం గురించైతే ‘ఐ వాజ్ హ్యావింగ్ ట్రబుల్ బ్రీతింగ్’ అని నిశ్చింతగా రాయొచ్చు.