రొయ్యల షెడ్డుకు వేలిముద్ర హాజరు యంత్రం నప్పదు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లకు ఈ యంత్రం సరిపడదు. ఐసు నీళ్లలో గంటల తరబడి తలలు తీసిన వేళ్లు తెల్లగా నాని ముడతలు పడతాయి. గీతలు అందక యంత్రం ముద్ర తీసుకోదు. పని చేసిన మనిషే చెప్పకుండా మానేసినట్టు లెక్కకెక్కి కూలి పోతుంది. ఇది అన్యాయం.

అయినా ఈ యంత్రమే పెడితే, పనిలోకి దిగకముందే, పొడి చేత్తో, రెండు చేతులవీ రెండేసి వేళ్లు నమోదు చేయించాలి. యంత్రం అద్దాన్ని పూటపూటకూ పొడిగుడ్డతో తుడవాలి. పక్కన సంతకాల పుస్తకం తప్పనిసరి. నిజంగా రాలేనివాళ్లు ముందురోజే మేస్త్రికి మెసేజీ పెట్టాలి, ఫోనొక్కటే చాలదు. పదిమందో అంతకు మించో కూడబలుక్కుని, నోటీసు, సరైన కారణం లేకుండా మానేస్తే, పని ఒప్పందంలో ఆ షరతు ఉంటే 8 రోజుల కూలి వరకూ కోయొచ్చు. వేలిముద్ర యంత్రం కన్నా ముఖం గుర్తుపట్టే రకం మేలు. మాస్కు దించితే చాలు.