పాత జీపులో కరెంటు పూర్తిగా పోతే: మల్టీమీటరా, టెస్ట్ ల్యాంపా?

డిండి జలాశయం దగ్గర ఆపిన మా పాత జీపు మళ్లీ పలకలేదు. తాళం తిప్పితే లైటు లేదు, హారన్ లేదు, స్టార్టర్ చప్పుడు కూడా లేదు.

వోల్టులు కొలిచే మల్టీమీటరు బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపింది. అంటే చార్జింగు నిండుగా ఉంది. ఈ సంగతి టెస్ట్ ల్యాంపు (ఒక కొసన క్లిప్పు, మరో కొసన లోహపు మొన ఉన్న చిన్న బల్బు) అంత కచ్చితంగా చెప్పలేదు. కానీ స్విచ్చులన్నీ ఆపి చూస్తే ఫ్యూజు పెట్టె దగ్గరా అదే అంకె! మీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. తీగలో ఒక్క రాగి పోగు మిగిలినా దానికి చాలు.

టెస్ట్ ల్యాంపు బల్బు వెలగాలంటే నిజంగా కరెంటు పారాలి. క్లిప్పును బ్యాటరీ నెగటివ్ పోస్టుకు (పైకి పొడుచుకొచ్చిన సీసపు మొలకకు) పెట్టి, మొనను పాజిటివ్ పోస్టుకు తాకిస్తే ధగధగా వెలిగింది. వేలెడు దూరంలో, అదే పోస్టుకు తీగను పట్టి ఉంచే క్లాంపు మీద మిణుకుమంది. ముందు నెగటివ్ క్లాంపు, తర్వాత దీన్ని విప్పితే లోపలంతా తెల్లటి, పచ్చటి పొడి. పోస్టునూ క్లాంపునూ గరుకు కాగితంతో రుద్దాను.

ఎర్త్ మీద, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బండి ఇనుప చట్రానికి (ఛాసిస్‌కు) కలిపే పట్టీ మీద అనుమానమైతే మాత్రం మీటరే మేలు. హెడ్‌లైటు స్విచ్చు వేసి, నెగటివ్ పోస్టుకూ ఛాసిస్‌కూ మధ్య కొలవండి. సున్నాకు దగ్గరుంటే మంచిదే. 12కు దగ్గరైతే ఎర్త్ పట్టీ తెగినట్టే.

దారిలో ఒక్కటే ఉంచుకోవాలంటే నేను ల్యాంపే ఉంచుకుంటాను.