డెల్టాలో ఉద్యోగం: ఊళ్లో ఓనరు గారి దగ్గరా, మల్టీనేషనల్‌లోనా?

భీమవరం, పాలకొల్లు, మండపేట వైపు డిగ్రీ అయిన కుర్రాళ్లకు ముందు కనపడేవి రెండు దారులు. ఒకటి, తెలిసినవాళ్ల రైస్ మిల్లులోనో, రొయ్యల మేత డీలర్‌షిప్పులోనో, ఐస్ ఫ్యాక్టరీలోనో చేరడం. రెండోది, మేత గానీ పురుగుమందులు గానీ అమ్మే పెద్ద కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. నేను రెండూ చేశాను. మొదట ఒక కుటుంబ డీలర్‌షిప్పులో లెక్కలు రాశాను, తర్వాత ఒక మల్టీనేషనల్ మేత కంపెనీలో చేరాను. అక్కడ ఇంటి మనిషిలా చూసుకుంటారని, ఇక్కడ అంతా పద్ధతిగా ఉంటుందని అందరూ చెప్పే మాటలు నిజమే. అయితే ఉద్యోగంలో చేరేవాళ్లు ముందు ఆలోచించాల్సినవి ఇంకో రెండున్నాయి. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఆ మనిషి లేని రోజున మనకేం మిగులుతుంది?

మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్య పైకి తేలి గట్టువారకి వచ్చేస్తుంది. అప్పుడు గంట ఆలస్యమైనా పంట దక్కదు. అలాంటి వేళ రైతు మా డీలర్‌షిప్పుకి ఫోన్ చేస్తే, ఆయన పాత బాకీ ఎంతున్నా సరే, నేను ఓనరు గారిని లేపేవాణ్ని. "ఏ చెరువు? కాలవ పక్కదేనా? గోడౌన్ తీసి ఆక్సిజన్ బిళ్లలు ఇచ్చేయ్, పొద్దున పద్దు రాద్దాం" అనేవారు. ఆ రైతు వాళ్ల నాన్న ఆయనకు తెలుసు. ఆ చెరువు లోతు తెలుసు. కిందటి పట్టుబడిలో ఎంత కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు, వచ్చిందో కూడా తెలుసు. ఒక్క ఫోన్లో నిర్ణయం అయిపోయేది.

కంపెనీలో అలా కుదరదు. క్రెడిట్ లిమిట్ దాటితే సిస్టమ్‌లో ఆర్డరే పడదు. ఏరియా మేనేజర్‌కి చెబితే మెయిల్ పెట్టమంటారు. అది రీజనల్ మేనేజర్‌కి, అక్కణ్నుంచి ఫైనాన్స్ వాళ్లకి వెళ్తుంది. ఓకే వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం. జీతం బాగుంటుంది, బండికి పెట్రోలు ఇస్తారు, కానీ చెరువు గట్టు మీద నిలబడ్డప్పుడు మన మాటకు విలువ ఉండదు. "కంపెనీ అబ్బాయి మంచోడేనండి, ఆయన చేతిలో మాత్రం ఏం లేదండి" అని ఒక రైతు నా ముందే అన్నాడు. అది నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

అయితే ఆ అరువు చివరికి ఎక్కడికి పోతుందో కూడా చూశాను. రొయ్యకి వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చి వరసగా చెరువులు పోయిన సీజన్లో మా పద్దులన్నీ మొండి బాకీలయ్యాయి. జీతాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఓనరు గారు ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి మాకు ఇచ్చారని తెలుసు కాబట్టి ఎవరం నోరెత్తలేకపోయాం. ఆ తర్వాత కంపెనీలో ఉండగా అలాంటి సీజనే మళ్లీ వచ్చింది. నెలాఖరుకి జీతం ఠంచనుగా పడింది. రాత్రిపూట నాకు అడ్డం పడిన ఆ క్రెడిట్ లిమిటే ఆ జీతాన్ని కాపాడింది.

ఇక రెండో ప్రశ్న. మాకు తెలిసిన ఒక మిల్లులో పెద్దాయన హయాం నుంచీ ఉన్న గుమాస్తా గారి సంగతి చెబుతాను. తాళాలు ఆయన దగ్గరే, బ్యాంకు పని ఆయనదే. జట్టు కూలీలకు డబ్బులు పంచేది కూడా ఆయనే. "మీ అమ్మాయి పెళ్లి నాది" అని పెద్దాయన నలుగురిలో అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన పోయాక హైదరాబాద్ నుంచి అబ్బాయిగారు వచ్చి కంప్యూటర్లో లెక్కలు పెట్టించారు. ఏడాది తిరక్కుండా గుమాస్తా గారి చేతిలో యాభై వేలు పెట్టి పంపించేశారు. అబ్బాయిగారు చెడ్డవాడేమీ కాదు, వాళ్ల నాన్న ఇచ్చిన మాట ఆయనకు తెలియదంతే. మాట ఇచ్చిన మనిషితోనే ఆ మాటా పోయింది.

చట్టం ప్రకారం ఆయనకు రావలసింది వేరే ఉంది. పది మంది పనిచేసే చోట ఐదేళ్లు నిండిన ఉద్యోగికి అప్పుడు అమల్లో ఉన్న 1972 చట్టం గ్రాట్యుటీ ఇచ్చింది. చివరి మూలవేతనం, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 మీద 20 ఏళ్లకు 2,07,000 పైనే వస్తుంది. లేబర్ ఆఫీసుకి వెళ్లండని చెప్పి చూశాం. "ఆ ఇంటి ఉప్పు తిన్నానయ్యా" అని ఊరుకున్నారు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ లేదు. పీఎఫ్ కూడా లేదు, ఎందుకంటే ఇరవై మంది ఉన్నట్టు కనపడకుండా ఒకే ఆవరణలో మూడు ఫర్ముల పేర్లు నడిచేవి. మన ప్రాంతంలో ఇది చాలా చోట్ల ఉంది. దీన్ని తెలివితేటల కింద చెప్పుకుంటారు. ఇది పనిచేసేవాళ్ల ముసలితనాన్ని దోచుకోవడమని నేనంటాను.

మల్టీనేషనల్‌లో యజమాని మారడం ఇంకోలా ఉంటుంది. ధవళేశ్వరం హార్లిక్స్ ఫ్యాక్టరీనే చూడండి. హెచ్ఎంఎం పోయి స్మిత్‌క్లైన్ బీచమ్, తర్వాత గ్లాక్సో స్మిత్‌క్లైన్, 2020 నుంచి హిందుస్థాన్ యూనిలీవర్. ఎక్కడో లండన్‌లో జరిగిన బేరానికి గోదావరి గట్టున బోర్డు మారుతుంది. లోపలివాళ్లను ముందుగా ఎవరూ అడగరు. టెన్షన్ ఉంటుంది, కానీ సర్వీసు రికార్డు, పీఎఫ్ ఖాతా కాగితం మీద ఉంటాయి కాబట్టి కొత్త యజమాని వాటిని కాదనలేడు.

ఈ రెండూ కలవవా అంటే, కలిసిన చోట్లున్నాయి. కొవ్వూరులో మేత ప్లాంటున్న అవంతి ఫీడ్స్‌లో థాయ్‌లాండ్ కంపెనీ థాయ్ యూనియన్‌కి దాదాపు నాలుగో వంతు వాటా ఉంది, నడిపేది మాత్రం స్థాపించిన కుటుంబమే. అందరికీ ఆ స్థాయి రాదు. కానీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇవ్వడానికి విదేశీ భాగస్వామి అక్కర్లేదు కదా.

ఆడపిల్లలను రొయ్యల ప్లాంట్లకో ఆఫీసులకో పంపేవాళ్లకు ఒక మాట. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. పెద్ద కంపెనీలో అది నోటీసు బోర్డు మీదైనా కనపడుతుంది. కుటుంబ సంస్థలో ఫిర్యాదు ఓనరు గారి బావమరిది మీదైతే, వినేది కూడా ఆయనే కావచ్చు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా కంపెనీ వైపే.

ఇంతకీ ఏది మేలు? వ్యాపారం నేర్చుకుని రేపు సొంతంగా ఏదైనా పెట్టాలనుకునే కుర్రాడైతే రెండు మూడేళ్లు కుటుంబ సంస్థలోనే చేరమంటాను. కొనుగోలు, అరువు, వసూలు, బ్యాంకు, కూలీల గొడవ అన్నీ ఒక్క బల్ల దగ్గరే కనపడతాయి. కంపెనీలో పదేళ్లున్నా మీ ముక్క మాత్రమే మీకు తెలుస్తుంది. ఇంటి బాధ్యతలున్నవాళ్లు, వ్యాపారం పెట్టే ఆలోచన లేనివాళ్లు కంపెనీకే వెళ్లాలి. నేను మారింది కూడా అందుకే.

కానీ కంపెనీ పేరు చూసి ఆగిపోవద్దు. మన దగ్గర ఫీల్డ్‌లో తిరిగే చాలామందికి టీషర్టు మీద పేరు కంపెనీది, జీతమిచ్చేది ఏదో ఏజెన్సీ. ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద వచ్చిందో చదవండి. మీ స్థాయిలో ఎన్ని రూపాయల వరకు సొంతంగా ఒప్పుకోవచ్చో ఇంటర్వ్యూలోనే అడగండి. ఊళ్లో సంస్థ అయితే ఓనరు గారితో పాటు అబ్బాయిగారితో కూడా ఒకసారి మాట్లాడాకే చేరండి, రేపు మీ యజమాని ఆయనే. ఎక్కడ చేరినా మూడో నెలలో మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. జీతంలో కోసిన డబ్బు అందులో పడకపోతే ఆ వారమే అడగండి, ఏడాది ఆగొద్దు.